దోనెలో లేవొద్దన్న టీచరుగారు

మా డ్రిల్లు టీచరుగారు పోయారన్న సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు, ఫ్లెక్సీ చెప్పింది. పొద్దున్నే గుడివాడలో నా మ్యాచింగ్ సెంటర్ షట్టర్ ఎత్తి, గుమ్మం ముందు నీళ్ళు చల్లి తల పైకెత్తితే, ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టి కనబడింది. పైన ‘అశ్రునివాళి’ అని ఎర్రటి అక్షరాలు. కింద ఓ మూల టీచరుగారి ఫొటో. ఏ పాత గుర్తింపు కార్డు మీదదో తీసి పెద్దది చేసినట్టున్నారు, మొహం మసకమసకగా ఉంది. మధ్యలో మాత్రం చెరువు కమిటీ ప్రెసిడెంటుగారు చేతులు జోడించుకుని నిలువెత్తున వెలిగిపోతున్నారు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే పోయింది ఆయనే అనుకుంటారు.

బకెట్ అక్కడే వదిలేసి లోపలికి వచ్చేసరికి షాపులో ఫోన్ మోగుతోంది. చేసింది ఆసుపత్రి నర్సమ్మ.

"అక్కా, నిన్న సాయంత్రం పోయారక్కా. పామర్రులో, చెల్లెలుగారింట్లోనే. కాఫీ కలుపుకుని వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నారంట. అంతే. మీ ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు" అంది.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. మెత్తగా మాట్లాడేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు, ఫ్లెక్సీలు కూడా కట్టిస్తున్నారు. నేను జరిగింది రాస్తాను.

మా చెరువు సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మా డెల్టాలో ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందే ఊరి చెరువులు నింపుకుంటాం. మళ్ళీ కాలవలకి నీళ్ళొదిలేదాకా ఆ నీళ్ళే తాగాలి. అందుకని మంచినీళ్ళ చెరువులో కాలు పెట్టడం కూడా మాకు తప్పు. తొంభైల్లో ఊరి బయట కొత్త చెరువు తవ్వాక మా వీధి చివరి పాత చెరువుతో ఎవరికీ పని లేకుండా పోయింది. గుర్రపుడెక్క పట్టి పచ్చగా మూసుకుపోయింది. అప్పుడు ఊళ్ళో పెద్దలు కలిసి ఒక కమిటీ వేసుకున్నారు. డెక్క తీయించారు, గట్టు మీద సిమెంటు బెంచీలు వేయించారు, హంస ఆకారంలో ఉండే తొక్కుడు పడవలు తెప్పించారు. ‘సూర్యాస్తమయ విహారం’ అని బోర్డు కూడా రాయించారు. ప్రెసిడెంటుగారికి రైసుమిల్లు ఉంది, ఊళ్ళో మాటకి చెల్లుబాటు ఉంది, దగ్గరుండి పని చేయించింది ఆయనే. ఆ మాట నేను కాదనను.

కానీ ఆ హంస పడవ ఎక్కాలంటే ఆడమనిషి మొగుడి పక్కన కూర్చోవాలి. ఆయన తొక్కుతాడు. ఈవిడ చెంగు తడవకుండా పట్టుకుని, గట్టు మీద తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూసుకుంటుంది. ఓ చుట్టు తిరిగి దిగిపోతారు. అదీ మా ఆడవాళ్ళ విహారం.

టీచరుగారు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు చెప్పేవారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెళ్ళో గొలుసుతో పాటు ఒక విజిలు. నిద్రలో కూడా తీయరని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. పెళ్ళయిన కొత్తల్లోనే భర్త పోయారు. ఆ సంగతి ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పుట్టిల్లు నందివాడ అవతల, కొల్లేటి అంచున ఒక పల్లె. అక్కడ ఇంటికో తాటి దోనె ఉండేదట. తాటిమాను మొదలు నిలువునా తొలిచి చేస్తారు దాన్ని. ఒక్క మనిషి పట్టేంత సన్నగా ఉంటుంది. అడుగున కూర్చుని తెడ్డు వేసుకుంటూ వెళ్ళాలి. వానాకాలం దోనెలోనే బడికి వెళ్ళేదాన్నని, బూట్లు తడవని బడి అంటే తనకి తెలియదని నవ్వేవారు.

ఆవిడ కమిటీ దగ్గరకి వెళ్ళి, వారానికి ఒక్క సాయంత్రం చెరువుని ఆడవాళ్ళకి వదిలేయమని అడిగారు. దోనెలు మా పల్లె నుంచి తెప్పిస్తాను, నేనే దగ్గరుండి తిప్పుతాను అన్నారు. కమిటీ ఒప్పుకుంది. పేపర్లో ఫొటో పడుతుందని ఎవరో చెప్పి ఉంటారు.

ఆ రోజుల్లోనే ఒకసారి చీరకి ఫాల్ కోసం నా షాపుకి వచ్చారు. నేను రంగులు తీసి గాజు బల్ల మీద పరుస్తుంటే, ఆవిడ వాటిని చూడకుండా నా కాళ్ళ వైపు చూస్తున్నారు.

"ఏమ్మా, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావా?"

"షాపు కదండీ. కూర్చుంటే ఎలా?"

"ఇంటికెళ్ళాక?"

"ఇంట్లో మా మావగారు, బావగారు హాల్లోనే ఉంటారండి."

"అంటే అక్కడా నిలబడ్డమే. శనివారం సాయంత్రం చెరువు దగ్గరకి రా. కూర్చోబెడతాను."

నాకు నవ్వొచ్చింది. కూర్చోవడానికి ఎవరైనా చెరువు దాకా పోతారా అనుకున్నాను. కానీ మా వైపు ఇళ్ళల్లో కోడళ్ళుగా బతికినవాళ్ళకి ఆవిడ మాట వెంటనే తెలుస్తుంది. అన్నం ముందు కూర్చున్నా సరే, మావగారి చెప్పుల చప్పుడు వినబడితే లేవాలి. ఒళ్ళో పిల్ల పాలు తాగుతున్నా లేవాలి. ఎవరూ కొట్టి నేర్పరు. లేచిన కోడల్ని మెచ్చుకుంటారు, లేవని కోడలి పుట్టింటి గురించి మాట్లాడతారు. కొన్నాళ్ళకి బుర్రతో పని లేకుండా మోకాళ్ళే లేస్తాయి. మా అమ్మ మోకాళ్ళు అలాగే లేచేవి. ఆవిడ మంచం పట్టాక కూడా, పెదనాన్న చూడ్డానికొస్తే లేవబోయి పడింది.

మొదటి శనివారం టీచరుగారు మమ్మల్ని నీళ్ళలోకి పోనివ్వలేదు. దోనెల్ని గట్టు మీద గడ్డిలో వరసగా పెట్టించి ఒక్కోదాంట్లో ఒక్కొక్కరిని కూర్చోబెట్టారు. అడుగున మడత పెట్టిన గోనెసంచి. మోకాళ్ళు ముడుచుకుని, నడుం దించుకుని, చేతుల్లో తెడ్డు పట్టుకుని కూర్చున్నాం. నాకు ఒక పక్క ప్రెసిడెంటుగారి పెద్ద కోడలు, ఇంకో పక్క ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ, అవతల హైస్కూలు టీచర్లు కొందరు. గడ్డిలో తెడ్లు వేస్తున్న మమ్మల్ని చూడ్డానికి గట్టు మీద సైకిళ్ళు ఆగాయి.

టీచరుగారు మా వెనక నడుస్తూ నడుస్తూ, ఉన్నట్టుండి, "అదిగో, మావగారొస్తున్నారు" అన్నారు.

అందరం దిగ్గున లేచాం. విజిలు మోగింది.

"అందరూ మునిగారు. ఒక్కళ్ళు మిగల్లేదు. కూర్చోండి" అన్నారు.

పడీపడీ నవ్వాం. ఆవిడ నవ్వలేదు. కాసేపు ఆగి, "హెడ్‌మాస్టరుగారొస్తున్నారు" అన్నారు. ఈసారి స్కూలు టీచర్లందరూ లేచారు. మళ్ళీ విజిలు. ఆ సాయంత్రమంతా ఇదే పని. ఊళ్ళో పెద్దమనుషులందరినీ పేరుపేరునా ఆ గట్టు మీదకి పిలిచారు, మేం లేస్తూనే ఉన్నాం. చివరికి మా ముందుకొచ్చి నిలబడి చెప్పారు.

"దోనె సన్నం. కూర్చున్నంతసేపూ మీ మాట వింటుంది. లేచారా, తిరగబడుతుంది. నీళ్ళ మీద ఉన్నప్పుడు గట్టు మీదకి ఎవరొచ్చినా లేవొద్దు. మావగారొచ్చినా లేవొద్దు, కలెక్టరొచ్చినా లేవొద్దు. నేనొచ్చినా లేవొద్దు. నా దగ్గర కూర్చోవడమే మర్యాద."

"బళ్ళో పిల్లల్ని రోజంతా నిలబెడతారు, మమ్మల్నేమో కూర్చోమంటున్నారేంటండీ" అంది పెద్ద కోడలు.

"అది జీతానికమ్మా. ఇది నా ఇష్టానికి" అన్నారు టీచరుగారు.

ఆ తరువాత నీళ్ళలోకి దిగాం. ముందు ఆవిడ దోనె, వెనక మేం, బాతుల్లాగా. ఎక్కే ముందు ఆవిడ ప్రతి దోనెనీ భుజం మీది తువ్వాలుతో తుడిచి, అంచు మీద చేత్తో తట్టేవారు. గేదెల్ని తట్టినట్టు తట్టడం చూసి మేం నవ్వుకునేవాళ్ళం. నీళ్ళ మీద మాత్రం చండశాసనురాలు. "ఏమ్మా, అది తెడ్డా గరిటా? పప్పు కలుపుతున్నావేంటి?" అని నన్ను అనని రోజు లేదు. పెద్ద కోడలు మాట్లాడుతూ తెడ్డు వేయడం మానేస్తే, "కబుర్లు గట్టు మీద కూడా దొరుకుతాయి" అనేవారు. తిరుగుతూ తిరుగుతూ పొద్దువాలే వేళకి చెరువు మధ్యకి చేరేవాళ్ళం. అక్కడ ఆవిడ, బళ్ళో పిల్లలకి చెప్పినట్టే, "విశ్రామ్" అనేవారు. తెడ్డు అడ్డంగా పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసుకోవాలి. ఇక మాటల్లేవు. మిల్లు గొట్టం వెనకాల పొద్దు దిగిపోయేదాకా ఊరికే కూర్చోవాలి.

ఊరికే కూర్చోవడం. అది రాస్తుంటే ఇప్పుడు కూడా నా వేళ్ళు ఆగుతున్నాయి. ఎవరో వస్తారేమోనని చెవులు గుమ్మం వైపు పెట్టకుండా కూర్చోవడం నాకు అదే మొదటిసారి. నీళ్ళకి అవతల ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత వినబడేది. ఆ కుక్కర్ నాది కాదు. అంతకన్నా ఆనందం నేను పెద్దగా ఎరగను.

నర్సమ్మ సంగతి వేరు. ఆమెది దివిసీమ. చిన్నప్పుడు ఉప్పెనలో ఇంట్లోవాళ్ళందరూ పోతే, తాటిచెట్టు పట్టుకుని తనొక్కతే బతికింది. కాలవ పక్కన రోడ్డు మీద వెళ్ళే బస్సులో కూడా కాలవ వైపు కిటికీ దగ్గర కూర్చునేది కాదు. టీచరుగారు పిలిస్తే కాదనలేక వచ్చింది. మేమందరం నీళ్ళలో తిరుగుతుంటే తను గడ్డిలో ఉన్న దోనెలోనే కూర్చుని తెడ్డు పట్టుకునేది. అలా వారాలు గడిచాయి. టీచరుగారు ఆమెను ఒక్క మాట అనలేదు. నాకే ఓపిక పోయి ఒకరోజు, "ఆమెను కూడా దింపండి, చూద్దాం" అన్నాను.

"తొందర నీకా, ఆమెకా?" అన్నారు.

ఒక శనివారం నర్సమ్మే అడిగింది, కొంచెం నీళ్ళ దాకా తొయ్యండి అని. తోశారు. దోనె కదలగానే అంచులు పట్టుకుని బిగుసుకుపోయింది. టీచరుగారు పక్కనే నడుం లోతు నీళ్ళలో నడుస్తూ, "నిన్ను బతికించింది తాటిచెట్టే కదమ్మా. ఇదీ అదే. అప్పుడు నిలువుగా పట్టుకున్నావు, ఇప్పుడు అడ్డంగా కూర్చున్నావు, అంతే తేడా" అన్నారు. నర్సమ్మ ఏడుస్తూనే తెడ్డు వేసింది. ఆ రోజు విశ్రామ్‌లో ఆమె మా మధ్య ఉంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంది.

ఇక జరిగింది చెబుతాను.

ఆడవాళ్ళ సాయంత్రం మగవాళ్ళు గట్టు మీదకి రాకూడదని టీచరుగారు ముందే ప్రెసిడెంటుగారికి చెప్పి ఉన్నారు. కారణం కూడా చెప్పారు. మిమ్మల్ని చూస్తే లేస్తారండి, లేస్తే పడతారు అని. ఆయన "అలాగేనమ్మా" అన్నారు. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. అయినా ఒక శనివారం బందరు నుంచి ఆయనకి చుట్టాలొచ్చారు, పెద్దమనుషులు. మా ఊరి ఆడవాళ్ళ విహారం చూపిస్తానని వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు.

ఆ రోజు మేం చెరువు మధ్యదాకా పోకుండా, పడమటి గట్టుకి దగ్గరగానే విశ్రామ్‌లో ఉన్నాం. ఎవరి లోకంలో వాళ్ళున్నాం. గట్టు మీద తెల్ల పంచెలు కనబడ్డాయి. టీచరుగారు చెయ్యెత్తి, రావద్దన్నట్టు ఊపారు. ఆయన దానికి జవాబుగా చప్పట్లు కొట్టి, కోడల్ని చూసి, "అమ్మాయ్" అని పిలిచారు.

పెద్ద కోడలు లేచింది. మేమందరం లేచాం. లేచినట్టు కూడా నాకు తెలియదు. నోట్లోకి నీళ్ళు వెళ్ళాక తెలిసింది.

లోతు ఎక్కువ లేదు, గుండెల దాకా ఉంటుంది. కానీ అడుగున బురద, కాళ్ళకి చుట్టుకున్న చీరలు, మీద తిరగబడ్డ దోనెలు. ఒకరినొకరు పట్టుకుని మునిగాం. టీచరుగారు తన దోనెలోంచి జారి, ఎవరినీ చూడకుండా నేరుగా నర్సమ్మ దగ్గరకి వెళ్ళారు. చంకల కింద చేతులు వేసి ఎత్తి పట్టుకుని, "నేలుంది. కాళ్ళు ఆనించు. నేలుందమ్మా, నేలుంది" అంటున్నారు. నర్సమ్మ కళ్ళు తేలేసింది. కాసేపటికి ఆమె కాళ్ళు ఆనాయి.

గట్టు మీద ఎవరో నవ్వారు. తడిసిన చీరలతో బురదలోంచి ఒక్కొక్కరం ఎక్కుతుంటే ఆ వచ్చిన పెద్దమనుషుల్లో కొందరు మొహం తిప్పుకున్నారు, కొందరు తిప్పుకోలేదు. ప్రెసిడెంటుగారు తువ్వాళ్ళ కోసం మనిషిని పరిగెత్తించారు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ తరువాత చుట్టాల వైపు తిరిగి, "చూశారా, నన్ను చూడగానే నీళ్ళ మీదున్నామని కూడా చూడకుండా లేచి నిలబడ్డారు. మన పిల్లల సంస్కారం అలాంటిది" అన్నారు. ఆయన గొంతులో సంతోషం వినబడింది. నేను చెవుల్లో నీళ్ళు దులుపుకుంటూ విన్నాను.

నర్సమ్మ తువ్వాలు కప్పుకుని సిమెంటు బెంచీ మీద పళ్ళు టకటకలాడిస్తూ కూర్చుంది. టీచరుగారు ఎదురుగా కింద కూర్చుని ఆమె పాదాలు రుద్దుతున్నారు.

"వచ్చే శనివారం మళ్ళీ వస్తానండి టీచర్ గారూ" అంది నర్సమ్మ. "పడ్డా నేలుందిగా."

వచ్చే శనివారానికి దోనెలకి గొలుసు వేసి తాళం పెట్టేశారు.

కమిటీ గదికి టీచరుగారిని పిలిపించారు. ఆవిడ వద్దన్నా పెద్ద కోడలితో సహా మేం కొందరం వెంట వెళ్ళాం. బల్ల మీద కూర్చున్నాం. ప్రెసిడెంటుగారు లోపలికి రాగానే మళ్ళీ లేచాం. ఆ తరువాతదంతా నిలబడే విన్నాం.

"టీచరమ్మా, ఆ తాటి బోదెలు తెచ్చి ఆడవాళ్ళ ప్రాణాల మీదకి తెచ్చావు నువ్వు" అన్నారాయన. అప్పటిదాకా ఆవిడని మీరు అనేవారు.

"దోనె తప్పు లేదండి. కూర్చోమని చెప్పాను. మిమ్మల్ని చూసి లేచారు."

"లేవరా మరి? పెద్దవాళ్ళొస్తే కూర్చోమని నేర్పుతున్నావా మా కోడళ్ళకి?"

"నీళ్ళ మీద కూర్చోమని నేర్పుతున్నానండి."

"ఇవాళ నీళ్ళ మీద అంటావు. రేపు ఇంట్లో కూర్చుంటారు."

టీచరుగారు, "కూర్చుంటే ఏమవుతుందండి?" అని అడిగారు. పొగరుగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగారు.

ఆ ప్రశ్నే ఆవిడ కొంప ముంచింది. తప్పు దోనెలదని తేల్చారు, దోనెలు తెచ్చిన మనిషిదని తేల్చారు. చెప్పినా వినకుండా గట్టు మీదకొచ్చి చప్పట్లు కొట్టిన మనిషి ఆ తేల్చినవాళ్ళలో మధ్య కుర్చీలో ఉన్నారు. ఆవిడ కోడళ్ళని చెడగొడుతోందన్న మాట పైదాకా వెళ్ళింది. ఎండాకాలం సెలవులయ్యేసరికి బదిలీ కాగితం వచ్చింది, దివిసీమలో ఒక బడికి. అప్పటికే ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. గుడివాడ నుంచి పామర్రు, అక్కడ బస్సు మారి అవనిగడ్డ వైపు. కొన్నాళ్ళు అలా తిరిగి, ఓపిక లేక పామర్రులో చెల్లెలింటికి మారిపోయారు. రిటైరయ్యేదాకా ఆ దారిలోనే, ఆ బస్సుల్లోనే. చాలాసార్లు సీటు కూడా దొరికేది కాదట. ఊరంతటికీ కూర్చోవడం నేర్పిన మనిషిని బస్సు కమ్మీ పట్టుకుని నిలబెట్టారు. దీన్ని నేను ఎలా మెత్తగా రాయాలి?

దోనెల సంగతి కూడా వినండి. గొలుసుల్లోనే ఎండి, కొన్ని పగిలాయి. మిగిలినవాటిని పార్కు గేటు దగ్గర రెండు వైపులా పెట్టించి, మట్టి పోసి, క్రోటన్ మొక్కలు నాటించారు. చూడ్డానికి బాగున్నాయని అందరూ అన్నారు. నేను ఆ గేటు లోంచి వెళ్ళడం మానేశాను.

పామర్రు వెళ్ళినప్పుడల్లా ఆవిడని చూసేదాన్ని. మరమరాలు, వేయించిన వేరుశెనగలు కలిపి పళ్ళెంలో పెట్టేవారు. తన పళ్ళెంలో వేరుశెనగలన్నీ ముందే ఏరుకుని తినేసి, తరువాత నా పళ్ళెం వైపు చూసేవారు. ఎప్పుడు వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే, చెరువు ఎలా ఉంది అని. ఒకసారి నాకు కోపం ఆగలేదు.

"మీరు అడగడమేంటండీ? మిమ్మల్ని అంత మాటలన్నారు. మీరు ఒక్కసారైనా తిట్టరేం? మీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు? బోలెడు వస్తుంది. నిలబడి తిట్టాలంటే మోకాళ్ళు సహకరించవు."

"నేను నవ్వడం లేదండి."

"తెలుసమ్మా" అన్నారు. నా పళ్ళెంలోంచి ఒక వేరుశెనగ ఏరుకున్నారు. "షాపులో కూర్చుంటున్నావా?"

కూర్చుంటున్నాను. దోనెలకి తాళం పడ్డ వారమే గాజు బల్ల వెనకాల ఎత్తు స్టూలు వేయించుకున్నాను. వచ్చినవాళ్ళు కొందరు మొహం చిట్లించారు, కూర్చునే చూపిస్తోందేంటి అని. కొన్నాళ్ళకి వాళ్ళ కోసం కూడా ఒక స్టూలు వేశాను. ఇప్పుడు ఇద్దరం కూర్చునే రంగులు చూసుకుంటున్నాం. అది ఆవిడ పెట్టిన భిక్ష. ఇంట్లో మాత్రం నా మోకాళ్ళు నా మాట వినలేదు. ఆ సంగతి చెబితే, "వింటాయిలే, వాటికీ టైం పడుతుంది" అన్నారు. ఆవిడతో నేను కూర్చుని మాట్లాడింది అదే ఆఖరు.

సంతాప సభ చెరువు గట్టు మీది కమిటీ హాల్లోనే పెట్టారు. పార్కు గేటు లోంచే వెళ్ళాలి. వెళ్ళాను. ఆ క్రోటన్ మొక్కల మధ్య నుంచే వెళ్ళి, వెనక వరసలో నర్సమ్మ పక్కన కూర్చున్నాను. అప్పట్లో దోనెలెక్కిన టీచర్లు కొందరు కూడా మా వరసలోనే ఉన్నారు, తలలు నెరిశాయి. వేదిక మీద టీచరుగారి ఫొటోకి పెద్ద దండ. ప్రెసిడెంటుగారు బాగా ముసలివారయ్యారు కానీ గొంతు అదే. మైకు పట్టుకున్నారు.

"ఆవిడ మన చెరువుకే వన్నె తెచ్చిన మనిషి. మన ఆడపడుచులకి నీళ్ళ మీద ధైర్యం నేర్పింది. అప్పట్లో ఈ కమిటీ ఆవిడకి అన్ని విధాలా అండగా నిలిచింది" అన్నారు.

నర్సమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లేచి అరవాలనిపించింది. అండగా నిలిచారా? గొలుసు వేసింది ఎవరు, ఆవిడని బస్సుల పాలు చేసింది ఎవరు అని అడగాలనిపించింది. పోయిన మనిషి ముందు రభస చేస్తే ఆవిడకే తలవంపులని పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఇంకా ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. అందరూ ఆవిడ సంస్కారం గురించే మాట్లాడారు. చివరికి ప్రెసిడెంటుగారే మళ్ళీ మైకు తీసుకుని, "ఇప్పుడు ఆవిడ ఆత్మశాంతి కోసం అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాను" అన్నారు.

కుర్చీలు వెనక్కి జరిగాయి. హాలంతా లేచింది. నా మోకాళ్ళు కూడా అప్పుడే సగం లేచాయి.

ముందు వరసలో ఒక్క కుర్చీ కదల్లేదు. పెద్ద కోడలు. ఆ కమిటీ గదిలో నిలబడ్డ తరువాత ఇన్నేళ్ళలో ఆమె టీచరుగారి పేరెత్తగా నేను వినలేదు. ఎదురుగా వేదిక మీద మావగారు నిలబడి ఉన్నారు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఒంట్లో బాగాలేదేమోనని పక్కావిడ వంగి అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అమ్మాయ్" అన్నారు ప్రెసిడెంటుగారు. చేతిలో మైకు ఉందని మరిచిపోయారు. ఆ పిలుపు హాలంతా వినబడింది.

ఆమె మోకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చుకుంది. నడుం కిందికి దించింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆయన వైపు కాకుండా టీచరుగారి ఫొటో వైపు చూస్తూ ఉండిపోయింది.

నేను కూర్చున్నాను. నర్సమ్మ కూర్చుంది. మా వరసలో లేచినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు, చేతులు మోకాళ్ళ మీదకి వాటంతటవే వెళ్ళాయి. చుట్టూ నిలబడ్డవాళ్ళ నడుముల మధ్య నుంచి కిటికీ కనబడుతోంది, కిటికీలోంచి చెరువు కనబడుతోంది. మిల్లు గొట్టం వెనకాల పొద్దు దిగుతోంది. అది పూర్తిగా దిగేదాకా మాలో ఎవరూ లేవలేదు.